మలబద్ధకం: పిలుపు వస్తే వాయిదా వేయకండి, బాధ ఉంటే దాచుకోకండి



మా వార్డుల్లో ప్రతి ఉదయం నర్సు చేతిలో ఒక చార్టు ఉంటుంది. టెంపరేచర్, నాడి, బి.పి. గడుల పక్కనే ఇంకొక గడి ఉంటుంది. అది నింపడానికి నర్సు రోగిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "మోషన్ అయిందా?" ఆ మాట వినగానే చాలామంది ముఖం పక్కకు తిప్పుకుంటారు. గుండె గురించి, షుగర్ గురించి ఎంతసేపైనా చెప్పేవారు ఇక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. కొందరైతే కాకపోయినా అయిందనే చెబుతారు.

ఈమధ్య ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత కూడా తల్లులు, ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు మమ్మల్ని పక్కకు పిలిచి ఇదే సంగతి అడుగుతున్నారు. అందుకే ఈసారి మలబద్ధకం గురించి రాస్తున్నాము. సాధ్యమైనంతవరకు మందులు లేకుండా, మన వంటింట్లో ఉన్నవాటితో, మన అలవాట్లలో చిన్న మార్పులతో దీన్ని ఎలా తగ్గించుకోవచ్చో చెబుతాము. ఏ లక్షణం కనబడితే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి రావాలో కూడా చెబుతాము.

ఒక పెద్దమ్మ సంగతి

నల్లగొండ వైపు పల్లె నుంచి ఒక పెద్దమ్మ మనుమడిని చూసుకోవడానికి కొండాపూర్‌లో కొడుకు ఇంటికి వచ్చింది. వయసు 70 దాటింది. ఇల్లు 12వ అంతస్తులో. మూడు నెలలు గడిచాక ఒక సాయంత్రం కొడుకు ఆమెను మా దగ్గరికి తీసుకువచ్చాడు. "నాలుగు రోజుల నుంచి నీళ్ళ విరేచనాలు సిస్టర్. మెడికల్ షాపులో అడిగి విరేచనాలు ఆగే మాత్ర వేశాము. తగ్గడం లేదు, కడుపు ఉబ్బుతోంది" అన్నాడు.

డాక్టరు పరీక్ష చేస్తే తెలిసింది వేరే. మలాశయం నిండా మలం రాయిలా గట్టిపడి ఉంది. దాని పక్కనుంచి పలుచని నీరు మాత్రం కారుతోంది. ఇంట్లోవారు దాన్నే విరేచనాలు అనుకున్నారు. ఆమెకు సరిగా మోషన్ అయి 11 రోజులయింది. విరేచనాలు ఆపే మాత్ర ఆ బాధను ఇంకా పెంచింది.

రెండు రోజుల చికిత్స తరువాత ఆమె తేరుకుంది. కొడుకు టీకి వెళ్ళినప్పుడు నర్సు చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది: "ఊళ్లె అయితే పొద్దుగాల లేవంగనే అయిపోతుండె బిడ్డా. ఈడ ఆ కుర్చీ మీద కూసుంటే కాళ్ళు నేలకు ఆనవు. ఇది కొడుకుకు ఎట్ల చెప్పుడు, కోడలికి ఎట్ల చెప్పుడు?"

ఇంకా అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. రాత్రి బాత్రూంలో జారిపడతానేమోనని సాయంత్రం నాలుగు తరువాత నీళ్ళు తాగడం మానేసింది. ఊళ్ళో తినే జొన్నరొట్టె, ఆకుకూర పోయి పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం, రాత్రి తెల్లన్నం అయ్యాయి. పొలం దాకా నడిచే మనిషికి హాలు నుంచి బాల్కనీ దాకానే నడక మిగిలింది. మోకాళ్ళ నొప్పికి వాడుతున్న బలమైన నొప్పి మాత్ర కూడా పేగుల కదలికను తగ్గించేదే. కొడుకు, కోడలు మంచివారే. అయినా వారు అడగలేదు, ఆమె చెప్పలేదు. 11 రోజులు అలాగే గడిచాయి.

మలబద్ధకం అంటే ఏమిటి?

రోజూ మోషన్ కాకపోతే జబ్బు అని చాలామంది భయపడతారు. అందరికీ ఒకే లెక్క లేదు. రోజుకు మూడుసార్లు వెళ్ళేవారు ఉన్నారు, వారానికి మూడుసార్లు వెళ్ళేవారూ ఉన్నారు. సుఖంగా, మెత్తగా అవుతూ ఉంటే రెండూ మామూలే. వారానికి మూడుసార్ల కన్నా తక్కువ కావడం, మేక పెంటికల్లాగా గట్టి ఉండలుగా రావడం, బాగా ముక్కవలసి రావడం, వెళ్ళి వచ్చిన తరువాత కూడా ఇంకా లోపల మిగిలి ఉందనిపించడం, వీటిలో ఒకటి రెండు తరచుగా ఉంటే దాన్ని మలబద్ధకం అంటాము.

మలం రూపాన్ని చూసి పేగు పని తెలుసుకోవచ్చు. ఇంగ్లండులోని బ్రిస్టల్ వైద్యులు 1997లో మలాన్ని ఏడు రకాలుగా విభజించి ఒక పట్టిక ప్రచురించారు. ఈనాటికీ ఆసుపత్రుల్లో దాన్నే వాడుతున్నాము. మొదటి రెండు రకాలు గట్టి ఉండలు, అంటే మలబద్ధకం. మూడు, నాలుగు రకాలు మెత్తని అరటిపండు ఆకారంలో ఉండేవి, అంటే ఆరోగ్యం. చివరి రకం పూర్తిగా నీళ్ళు. కనుక ఎన్నిరోజులకు అయింది అన్నదానితో పాటు ఎలా అయింది అన్నది కూడా గమనించండి.

లోపల జరిగేది ఇదీ

మన పెద్దపేగు సుమారు ఐదు అడుగుల పొడవు ఉంటుంది. తిన్న ఆహారంలో సారం చిన్నపేగులో ఒంటికి పట్టిన తరువాత మిగిలిన పలుచని పదార్థం, రోజుకు సుమారు ఒకటిన్నర లీటర్లు, పెద్దపేగులోకి చేరుతుంది. పెద్దపేగు దానిలోని నీటిని పీల్చుకుంటూ మెల్లగా ముందుకు నెడుతుంది. ఎంత ఎక్కువసేపు లోపల ఉంటే అంత నీరు పోయి అంత గట్టిపడుతుంది. మలబద్ధకంలో అసలు సంగతి ఇదే. ఆలస్యమే మలాన్ని రాయి చేస్తుంది.

ఆలస్యం కాకుండా శరీరంలోనే ఒక ఏర్పాటు ఉంది. కడుపులోకి ఆహారం చేరగానే పెద్దపేగుకు కబురు వెళ్ళి అది బలంగా ముడుచుకుంటుంది. నిద్ర లేచిన తరువాత మొదటిసారి తిన్నప్పుడు లేదా తాగినప్పుడు ఈ కదలిక బాగా ఉంటుంది. అందుకే పొద్దున వేడి టీయో, గ్లాసెడు నీళ్ళో తాగిన కొద్దిసేపటికి చాలామందికి వెళ్ళాలనిపిస్తుంది. దీన్నే మేము రోగులకు 'పిలుపు' అని చెబుతాము.

ఆ పిలుపు కొద్ది నిమిషాలే ఉంటుంది. వెళ్ళకుండా బిగబట్టుకుంటే అది తగ్గిపోతుంది. మలం లోపలే ఉండి ఇంకా ఎండుతుంది. రోజూ ఇలాగే చేస్తే మలాశయం సాగి, నిండినా తెలియని స్థితికి వస్తుంది. పిలుపే రావడం మానేస్తుంది. మరుసటి రోజు గట్టి మలం వచ్చినప్పుడు మలద్వారం దగ్గర చీలిక పడి మంట పుడుతుంది. ఆ మంటకు భయపడి మళ్ళీ బిగబడతారు. ఈ చక్రంలో పడినవారు నెలల తరబడి బయటికి రాలేరు.

మన ప్రాంతంలో పిలుపు ఎందుకు వాయిదా పడుతోంది?

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ ఎక్కువగా రాళ్ళు, పొదలే. ఇప్పుడు మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ దాకా ఆఫీసులే. వాటితో పాటే ఇక్కడివారి దినచర్య మారింది. లేచింది మొదలు పరుగే. కంపెనీ క్యాబ్ గేటు దగ్గర హారన్ కొడుతుంటే పిలుపు వచ్చినా "ఆఫీసుకు వెళ్ళాక చూద్దాం" అనుకుంటారు. ట్రాఫిక్‌లో గంట పోతుంది. ఆఫీసు చేరగానే మీటింగు. తరువాత వెళ్దామంటే పక్క గదిలో తోటి ఉద్యోగి ఉన్నాడని మొహమాటం. సాయంత్రానికి పిలుపు పోయి కడుపు బరువు మాత్రం మిగులుతుంది.

అమెరికా వేళలకు రాత్రి డ్యూటీ చేసేవారిది ఇంకో బాధ. పేగులకూ ఒక గడియారం ఉంది. రాత్రిపూట అవి విశ్రాంతి తీసుకుంటాయి. మనం రాత్రి రెండింటికి బిర్యానీ తిని పొద్దున ఆరింటికి పడుకుంటే వాటికి ఏ వేళ ఏదో తెలియకుండా పోతుంది. మా నర్సులు కూడా నైట్ డ్యూటీలు చేసేవారే కనుక ఈ కష్టం మాకు బాగా తెలుసు.

ఆ అద్దాల భవనాల బయట పనిచేసేవారి సంగతి ఎవరూ అడగరు. గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ చేసే స్త్రీలు, క్యాబ్ డ్రైవర్లు, కొత్త టవర్లు కట్టే కూలీలు మా దగ్గరికి వస్తారు. వెళ్ళడానికి శుభ్రమైన చోటు లేక నీళ్ళే తాగమని చెప్పే స్త్రీలు ఎందరో. దానివల్ల మలబద్ధకంతో పాటు మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ కూడా వస్తాయి. మన ఇళ్ళల్లో, అపార్ట్‌మెంట్లలో పనికి వచ్చేవారికి బాత్రూం వాడుకోనివ్వడం వారి ఆరోగ్యానికి మనం చేయగల పెద్ద సాయం. అపార్ట్‌మెంటు కమిటీల్లో ఉన్న మన కుటుంబాలవారు ఈ విషయం ఆలోచించండి.

మందులు లేకుండా ఏమి చేయాలి?

1. వేళ పెట్టుకోండి. లేచిన తరువాత ఏదైనా తాగి, కొంచెం తిని, 15 నుంచి 30 నిమిషాల్లోపు బాత్రూంకు వెళ్ళి కూర్చోండి. పిలుపు రాకపోయినా ఐదు పది నిమిషాలు చూడండి, ముక్కవద్దు. రాకపోతే లేచిరండి. కొన్ని వారాలు ఇలా చేస్తే పేగుకు అలవాటు తిరిగి వస్తుంది. దీనికోసం క్యాబ్ వేళకు అరగంట ముందు లేవాలి. నైట్ డ్యూటీవారు మధ్యాహ్నం నిద్ర లేచి మొదట తినేదాన్నే తమ ఉదయపు టిఫిన్ అనుకుని ఆ తరువాత కూర్చోండి. పగలు ఎప్పుడు పిలుపు వచ్చినా మీటింగులోంచైనా లేచి వెళ్ళండి.

2. కాళ్ళ కింద పీట వేసుకోండి. గొంతుక్కూర్చున్నప్పుడు మలాశయం చివర ఉన్న కండరం సడలి దారి తిన్నగా అవుతుంది. కమోడ్ మీద తిన్నగా కూర్చుంటే ఆ వంపు పూర్తిగా పోదు. ఏడెనిమిది అంగుళాల ఎత్తున్న పీట కాళ్ళ కింద పెట్టుకుని, మోకాళ్ళు తుంటి కన్నా కొంచెం ఎత్తులో ఉండేలా, ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి కూర్చోండి. పీట జారకుండా కింద రబ్బరు ఉండాలి. పెద్దవారికైతే పక్కన పట్టుకోవడానికి గోడకు రాడ్డు పెట్టించండి. తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ అయినవారు మాత్రం డాక్టరును అడగకుండా పీట వాడవద్దు.

3. సెల్‌ఫోన్ బయట పెట్టండి. ఫోను చూస్తూ కూర్చుంటే ఐదు నిమిషాలు అరగంట అవుతుంది. అంతసేపు అలా కూర్చుంటే మలద్వారం దగ్గరి రక్తనాళాలు ఉబ్బుతాయి. 2025లో అమెరికాలోని బోస్టన్ నగరంలో 125 మందిపై చేసిన ఒక పరిశీలనలో, బాత్రూంలో ఫోను వాడేవారిలో మొలలు ఉండే అవకాశం వాడనివారి కన్నా 46 శాతం ఎక్కువగా కనబడింది. చిన్న పరిశీలనే అయినా మేము రోజూ చూసేదానికి అది సరిపోతోంది.

4. పీచు ఉన్న ఆహారం తినండి. పీచు అంటే మన ఒంటికి అరగకుండా పేగులో మిగిలే భాగం. అది నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తగా, నిండుగా చేస్తుంది. దీని విలువను లోకానికి గట్టిగా చెప్పినవారిలో డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్ ఒకరు. ఆయన ఉగాండాలో ఏళ్ళ తరబడి పనిచేశారు. గ్రామీణ మిషన్ ఆసుపత్రులకు ప్రశ్నలు పంపి జవాబులు సేకరించారు. పీచు ఎక్కువగా తినే ఆఫ్రికా పల్లె ప్రజలకు మలం మెత్తగా, త్వరగా వెళ్తుందని, తెల్ల రొట్టె తినే ఇంగ్లండువారికి అందుకు దాదాపు రెట్టింపు కాలం పడుతుందని తన సహచరులతో కలిసి 1972లో ప్రచురించారు. ఆయన ఊహలన్నీ తరువాత నిలబడలేదు గాని, పీచు మలాన్ని మెత్తబరుస్తుందన్న మాట నిలిచింది.

అంత దూరం వెళ్ళనవసరం లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు సుమారు 3 గ్రాములు. అంతే తూకం జొన్నల్లో 10, రాగుల్లో 11, పొట్టుతో ఉన్న పెసల్లో 17 గ్రాములు ఉంది. పెద్దవారికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. తెల్లన్నం, బ్రెడ్డు, మైదా బిస్కెట్లతో అది రాదు. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి 500 గ్రాములు తినమని చెప్పింది.

ఇందుకోసం ఖరీదైన డబ్బాలు కొననవసరం లేదు. టిఫిన్‌కు పెసరట్టు గాని రాగి జావ గాని చేసుకోండి. రాత్రికి అన్నం బదులు జొన్నరొట్టె తినండి. సాయంత్రమైతే కూకట్‌పల్లి, మాదాపూర్ రోడ్ల పక్కన వేడివేడిగా కాల్చి ఇస్తున్నారు. రోజూ ఒక ఆకుకూర ఉండాలి. తోటకూర, పాలకూర, బచ్చలికూర, గోంగూర, ఏదైనా సరే. గోరుచిక్కుడు, చిక్కుడు, బెండకాయ మంచివి. బీరకాయ పొట్టు పారేయకుండా పచ్చడి చేయండి. సాయంత్రం నాలుగింటికి ఆఫీసు క్యాంటీన్‌లో సమోసా బదులు ఇంటి నుంచి తెచ్చుకున్న శనగ గుగ్గిళ్ళు తినండి. పండ్లలో గింజలతో సహా జామపండు, బాగా పండిన బొప్పాయి, కమలా మేలైనవి. రసం పిండితే పీచు పోతుంది కనుక పండునే తినండి. రాత్రి నానబెట్టిన నాలుగైదు ఎండు అంజీరలు గాని, గుప్పెడు ఎండుద్రాక్ష గాని కొందరికి బాగా పనిచేస్తాయి. షుగర్ ఉన్నవారు తియ్యటి పండ్ల మోతాదు డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఒక జాగ్రత్త. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాస్ వస్తాయి. రెండు మూడు వారాల మీద కొంచెం కొంచెంగా పెంచండి. మలం ఇప్పటికే రాయిలా పేరుకుని ఉన్నవారు ముందు దాన్ని వైద్యుల దగ్గర తీయించుకున్న తరువాతే పీచు పెంచాలి.

5. నీళ్ళు మరువకండి. పీచు నీటితో కలిస్తేనే పనిచేస్తుంది. ఏ.సి. గదిలో దాహం తెలియదు, అందువల్ల బాటిల్ ఎదురుగా పెట్టుకోండి. మూత్రం లేత రంగులో ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు, ముదురు పసుపుగా ఉంటే చాలనట్టు. సరిపడా తాగేవారు ఇంకా నాలుగు లీటర్లు తాగితే మలబద్ధకం పోతుందన్నది మాత్రం నిజం కాదు. మజ్జిగ, రసం, పప్పుచారు కూడా లెక్కలోకి వస్తాయి. గుండె, కిడ్నీ జబ్బులవారు డాక్టరు చెప్పిన కొలత దాటవద్దు. శ్రమకాలంలోను, ఉపవాస ప్రార్థనల రోజుల్లోను నీళ్ళు కూడా మానేసి తరువాత బాధపడేవారిని చూస్తున్నాము. పెద్దవారు, గర్భిణులు, షుగర్ మందులు వాడేవారు ఉపవాసానికి ముందు మమ్మల్ని అడగండి. ఉపవాసం విడిచినప్పుడు పండు, జావతో మొదలుపెట్టండి.

6. నడవండి. ఒళ్ళు కదిలితే పేగు కదులుతుంది. రోజుకు అరగంట చాలు. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కు, దుర్గం చెరువు బాటకు దగ్గరగా ఉన్నవారు అదృష్టవంతులు. లేనివారు అపార్ట్‌మెంటు చుట్టూ నడవండి. ఆఫీసులో గంటకొకసారి లేవండి, రెండు అంతస్తులు మెట్ల మీద వెళ్ళండి.

ఇంటి మందుల గురించి

ఇసబ్‌గోల్ పొట్టు మలబద్ధకానికి మంచిదని పరిశోధనల్లో తేలిన పదార్థం. ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్ళలో కలిపి గట్టిపడకముందే తాగాలి, ఆ వెంటనే ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. పడుకునే ముందు వెంటనే వేసుకోవద్దు. మింగడం కష్టమైనవారికి ఇవ్వవద్దు. వేరే మందులకు, దీనికి రెండు గంటల తేడా ఉంచండి.

ఆముదం మన అమ్మమ్మల నాటి మందు. అది పేగును గట్టిగా ముడిపించి విరేచనం చేయిస్తుంది. నొప్పి, నీళ్ళు పోవడం కూడా ఉంటాయి. గర్భిణులు దాన్ని ముట్టవద్దు. పెద్దవారికి, పిల్లలకు సొంతంగా పట్టవద్దు. సునాముఖి ఆకు, అది కలిసిన చూర్ణాలు ఎప్పుడో ఒకసారి వాడితే ఫరవాలేదు, కాని డాక్టరు చెప్పకుండా రోజూ వాడవద్దు. 'కడుపు శుభ్రం' అని అమ్మే పొడుల్లో ఏమి కలిసిందో డబ్బా మీద చదవండి. ఇంట్లో సబ్బునీళ్ళతో ఎనిమా ఇవ్వడం ప్రమాదం. పేగు లోపల పుండ్లు పడతాయి.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా తగ్గకపోతే మందు వాడడం తప్పు కాదు. మలాన్ని మెత్తబరిచే సురక్షితమైన మందులు ఉన్నాయి. డాక్టరు రాసిన మోతాదులో వాడవచ్చు.

తల్లులకు, పసిపిల్లలకు

గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల పేగు నెమ్మదిస్తుంది. దానికి తోడు ఐరన్ మాత్రలు మలాన్ని గట్టిపరుస్తాయి, నల్లగా చేస్తాయి. ఇది చూసి భయపడి చాలామంది మాత్రలు మానేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత కనబడింది. ప్రసవ సమయంలో రక్తం తక్కువగా ఉంటే ప్రాణానికే ముప్పు. కనుక మాత్ర మానకండి. మాకు చెప్పండి, మాత్ర మార్చవచ్చు, వేళ మార్చవచ్చు.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ నెల దాటాక కొన్నిరోజులకొకసారి వెళ్ళినా, మెత్తగా అవుతూ, బాగా పాలు తాగుతూ, బరువు పెరుగుతూ ఉంటే మలబద్ధకం కాదు. తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టడం, సబ్బుముక్క పెట్టడం వంటివి చేయకండి. లోపల గాయమవుతుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. పుట్టిన బిడ్డ 48 గంటల్లోపు మొదటి నల్ల మలం పోకపోతే వెంటనే డాక్టరుకు చూపించాలి.

బడికి వెళ్ళే పిల్లలు అక్కడి బాత్రూం ఇష్టపడక రోజంతా బిగబడతారు. లోదుస్తులకు మరకలు కనబడితే అల్లరి అనుకుని కొట్టకండి. పైన పెద్దమ్మకు జరిగినట్టే లోపల మలం పేరుకుని పక్కనుంచి కారుతూ ఉండవచ్చు. అన్నం మాని పాలే తాగే చిన్నపిల్లలకు కూడా మలం గట్టిపడుతుంది. బడికి బయలుదేరే ముందు వారికి పది నిమిషాలు వేళ ఇవ్వండి.

ఎప్పుడు వెంటనే రావాలి?

కింది వాటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యం ఆపి డాక్టరును కలవండి.

మలంలో రక్తం పడటం, లేదా ఐరన్ మాత్రలు వాడకుండానే మలం తారులా నల్లగా రావడం.
కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తగ్గిందని పరీక్షలో తేలడం.
45 ఏళ్ళు దాటాక మోషన్ అలవాటు కొత్తగా మారి కొన్ని వారాలు అలాగే ఉండటం.
ఇంట్లో దగ్గరివారికి ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం.
కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా వెళ్ళకపోవడం. ఇది పేగు మూసుకుపోయిన గుర్తు, రాత్రయినా ఆగకుండా రండి.
పెద్దవారికి చాలా రోజులు మోషన్ కాక, తరువాత పలుచగా కారడం.

రక్తం గురించి ఒక మాట. రక్తం పడితే మొలలే అని అందరూ అనుకుంటారు. ఆటోల వెనుక, కరెంటు స్తంభాల మీద 'మొలలకు గ్యారంటీ చికిత్స' అనే కాగితాలు చూసి వెళ్ళి డబ్బు, కాలం పోగొట్టుకుంటారు. ఎక్కువసార్లు అది మొలలో, చీలికో అయి ఉంటుంది. కాని పెద్దపేగు క్యాన్సర్ కూడా అలాగే మొదలుకావచ్చు. తొలిదశలో పట్టుకుంటే ఆపరేషన్‌తో నయమయ్యే జబ్బు అది. సంవత్సరం దాచుకుని వచ్చిన మనిషి ముందు నిలబడటం మా ఉద్యోగంలో అతి కష్టమైన పని. పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది. స్త్రీలకు స్త్రీ నర్సు పక్కనే ఉంటుంది. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని రండి. నొప్పి మాత్రలు, కాల్షియం, ఐరన్, కొన్ని గ్యాస్ మందులు, కొన్ని మానసిక జబ్బుల మందులు మలబద్ధకం కలిగిస్తాయి. థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఎక్కువకాలం ఉన్నా ఇది రావచ్చు. మందులు మీరే ఆపవద్దు.

చివరిగా

ఆ పెద్దమ్మ డిశ్చార్జి అయ్యేరోజు కొడుకును, కోడలిని కూర్చోబెట్టి మాట్లాడాము. కమోడ్ ముందు ఒక పీట, గోడకు రాడ్డు, రాత్రంతా బాత్రూంలో చిన్న లైటు, రాత్రి భోజనంలో రొట్టె, ఆకుకూర, సాయంత్రం మనుమడితో కింద పార్కులో నడక. డాక్టరు నొప్పి మాత్ర మార్చారు. నెల తరువాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె నవ్వుతూ చెప్పింది: "ఇప్పుడు నా కోడలు పొద్దుగాల చాయ్ ఇచ్చుకుంటనే అడుగుతది సిస్టరమ్మా, అత్తమ్మా అయిందా అని. మొదాల సిగ్గయితుండె. ఇప్పుడు అడగకపోతే నేనే చెప్తున్న."

మీ ఇంట్లో కూడా పల్లె నుంచి వచ్చిన అమ్మో, అత్తమ్మో, నాన్నగారో ఉండవచ్చు. బి.పి. మాత్ర వేసుకున్నారా అని అడిగినట్టే ఇది కూడా అడగండి. మీ సంగతికి వస్తే, రేపు ఉదయం పిలుపు వచ్చినప్పుడు క్యాబ్‌ను ఐదు నిమిషాలు ఆగమనండి.